బకిల్ పెట్టాకే బోటు కదలాలి

సెలవురోజు చాలా బోటింగ్ పాయింట్ల దగ్గర కనిపించే దృశ్యమే ఇది. గేటు పక్కన నారింజరంగు లైఫ్ జాకెట్లు కుప్పగా పడి ఉంటాయి. ఒకదానికి బకిల్ విరిగింది, ఇంకోదానికి పట్టీ తెగితే ముడేశారు, మరోదాని లోపలి ఫోమ్ నలిగి అట్టలా తయారైంది. ఆరేళ్ల పాపకు పెద్దవాళ్ల సైజుదే తగిలిస్తారు. ఫొటోలు దిగేదాకా ఉంచుకుని, ఆ తర్వాత ఉక్కపోస్తోందంటూ విప్పి ఒళ్లో పెట్టుకునేవాళ్లు ఎందరో. నడిపే మనిషి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

నీళ్ల మీద ఆపద వస్తే బతికి బయటపడతామా లేదా అన్నది చాలావరకు ఈ గేటు దగ్గరే తేలిపోతుందని మా అభిప్రాయం. బోటు ఒరిగాక జాకెట్ వెతికి తొడుక్కునే వ్యవధి ఉండదు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. హైదరాబాద్, వరంగల్ నుంచి సరదాగా వెళ్లిన వాళ్లు అందులో ఎందరో ఉన్నారు. అంత వరదలో బోటు వదలడమే మొదటి తప్పు. జాకెట్లు బోటులో ఉన్నాయి గానీ అందరి ఒంటి మీదా లేవు. ప్రాణాలతో బయటపడ్డ 26 మందికి ముందుగా చేయి అందించింది ఒడ్డున ఉండే గిరిజనులు, తమ నాటు పడవలేసుకుని వెళ్లి. వాళ్లకు ఈ రాష్ట్రం ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కానీ ప్రతి రేవు దగ్గరా అలాంటి ఊరు ఉండదు కదా.

మన హుస్సేన్ సాగర్‌కూ చేదు జ్ఞాపకాలున్నాయి. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జ్ ఒరిగి విగ్రహంతో పాటు మనుషులూ నీటిపాలయ్యారు. 2025 జనవరి 26 రాత్రి బాణసంచా ఉన్న బోటుకు మంటలంటుకున్నాయి. చుట్టూ నీళ్లున్నా, నిప్పు పుడితే బోటులో పారిపోవడానికి చోటుండదు. ఇంజిన్‌కు ఇంధనం ఉన్న ప్రతి బోటులోనూ పనిచేసే అగ్నిమాపక సిలిండర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండి తీరాలి. జనం ఎక్కిన బోటు మీద టపాసుల ఊసే ఎత్తకూడదు.

లైఫ్ జాకెట్ సరిపోయిందో లేదో చూసుకోవడం తేలిక. బకిళ్లన్నీ పెట్టుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవులదాకా వచ్చేస్తే నీళ్లలో పనికిరాదు, వేరేది అడగండి. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. అది లేకపోతే పిల్ల కిందికి, జాకెట్ పైకి జారిపోతాయి. అద్దాల గదిలో కన్నా తెరిచి ఉన్న చోట కూర్చోవడం మేలు. మూసిన గదిలోకి నీళ్లొస్తే ఆ జాకెట్టే మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది, తలుపు అందదు. సెల్ఫీల కోసం అందరూ ఒకే పక్కకు చేరకూడదు. 2009లో కేరళలోని తేక్కడి సరస్సులో 45 మంది చనిపోయిన ప్రమాదంలో జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు జరగడం కూడా ఒక కారణమైంది.

బోటు తిరగబడినా తేలుతూనే ఉంటే దాన్ని పట్టుకునే ఉండాలి, ఒడ్డు దగ్గరే కదా అని ఈదబోవద్దు. మునిగిన మనిషిని బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం మన దగ్గర ఇంకా చూస్తూనే ఉన్నాం. అది మానాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయాలి, పక్కవాళ్లు 108కి ఫోన్ కొట్టాలి. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ అంతలో రాలేదు. అందుకే బోటు సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ ఈ శిక్షణ ఉండాలి.

నదులు, సరస్సుల్లో తిరిగే బోట్ల కోసం తెచ్చిన 2021 నాటి అంతర్గత నౌకల చట్టం సర్వే (బోటు నడపడానికి తగినదేనా అన్న తనిఖీ), రిజిస్ట్రేషన్, ప్రాణరక్షణ సామగ్రి గురించి స్పష్టంగానే చెప్పింది. ప్రభుత్వం చేయాల్సింది దాన్ని రేవు దాకా తేవడం. బోటు ఎంతమందిని మోయగలదో, సర్వే గడువు ఎప్పటిదాకా ఉందో టికెట్ కౌంటర్ దగ్గరే పెద్ద అక్షరాలతో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. ఎక్కినవాళ్ల పేర్ల జాబితా ఒడ్డున ఉండాలి. రెస్క్యూ బోటు పేరుకు కట్టేసి ఉంచితే చాలదు, అందులో ఆయిల్, పక్కనే డ్రైవర్ ఉండాలి. హుస్సేన్ సాగర్, దుర్గం చెరువుల్లో డీఆర్ఎఫ్ (విపత్తు సహాయక దళం), పర్యాటక శాఖ కలిసి మాక్ డ్రిల్ చేయాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలులు ఎంత హఠాత్తుగా లేస్తాయో నగరవాసులకు తెలుసు. వాతావరణ కేంద్రం హెచ్చరిక వచ్చిన క్షణం నుంచి టికెట్లు ఆపేయాలి. నల్లమల కొండల మధ్య గంటల తరబడి సాగే నాగార్జునసాగర్-శ్రీశైలం లాంచీలో వైర్‌లెస్ సెట్ లేకుండా ప్రయాణం మొదలుకాకూడదు.

బడిపిల్లల విహారయాత్రల విషయంలో మరింత కఠినంగా ఉండాలి. 2024 జనవరిలో వడోదరలోని హర్ణి సరస్సులో 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించారు, చాలామంది పిల్లలకు జాకెట్లే లేవు. యాత్రకు అనుమతి ఇచ్చేముందే అక్కడ పిల్లల సైజు జాకెట్లు ఎన్ని ఉన్నాయో విద్యాశాఖ రాతపూర్వకంగా అడగాలి. ఆ సంఖ్యకు మించి ఒక్క పిల్లవాణ్ని కూడా బోటు ఎక్కనివ్వకూడదు.