యాంకరింగ్ వస్తుందా అంట!

ఇప్పుడే తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హాస్పిటల్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూకి పోయి మెట్లు దిగొచ్చినా. ఒళ్లు మండిపోతా ఉంది. ఆటోలో కూర్చోని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

హెచ్ఆర్ సారు నా రెజ్యూమె అటూ ఇటూ తిప్పి, ‘రిక్రియేషనల్ థెరపీ అంటే బర్త్‌డే పార్టీలు చేయిస్తారామ్మా? యాంకరింగ్ వస్తుందా?’ అన్నాడు. (ఆటపాటలతో చేసే చికిత్స అది, నా పని.) వస్తుంది సామీ, మిమిక్రీ కూడా వస్తుంది, మీ గొంతుతోనే మొదలుపెట్టనా? (పైకి అనలేదులే. ఉద్యోగం కావాలి కదా.) జీతం 12 వేలు. పేషెంట్లు లేనప్పుడు రిసెప్షన్‌లో కూర్చోవాలంట. వేలూరులో ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేట్టు చేసే చికిత్స) చదివింది టోకెన్లు రాసేదానికా?

అమెరికాలో రిక్రియేషనల్ థెరపీకి 560 గంటలు ఇంటర్న్‌షిప్ చేసి పరీక్ష రాస్తేగానీ సర్టిఫికెట్ రాదు. మన దేశంలో కూడా 2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో రిక్రియేషనల్ థెరపిస్ట్ అని అచ్చేసి ఉంది. అదే చెప్తే, ‘మా సాఫ్ట్‌వేర్‌లో ఆ పోస్టు లేదే’ అంటాడు. సాఫ్ట్‌వేర్ సామికి ఒక దండం.

నా పని ఎట్లుంటుందో చెప్తా. పక్షవాతం వచ్చిన ఒక అవ్వ. కుడిచెయ్యి. ‘వేళ్లు కదిలించవ్వా’ అంటే మొహం తిప్పుకునేది. వామనగుంటల పీట ముందర పెట్టి చింతగింజలు పోసినా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ నిలవదు, జారిపోతుంది. నన్ను తిట్టుకుంటా మళ్లీ పట్టుకునేది. పది రోజులకు నన్ను ఓడించింది, పైగా నేను దొంగాట ఆడినానంట! ఆమె కొడుకు మాత్రం ‘ఆడుకునేదానికి ఫీజా మేడమ్?’ అన్నాడు.

అసలు వీళ్లననీ లాభం లేదు. టెన్త్‌లో మన పీటీ పీరియడ్ ఎవరు తిన్నారో చెప్పండి? మ్యాథ్స్ సారే కదా! త్రోబాల్ చంకలో పెట్టుకోని గుమ్మం దాకా పోయిన మమ్మల్ని వెనక్కి పిలిచి, ‘ఆటలు కూడు పెడతాయామ్మే?’ అని ఏడాదంతా ట్రిగొనామెట్రీ రుద్దినాడు. సైన్ తీటా నాకు ఇంతవరకు ఒక్క పూట కూడు పెట్టలేదు సార్.

ఆయన్నే మొన్న ప్రకాశం పార్కులో చూసినా. పొద్దున ఆరింటికి, గుంపులో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి హా హా హా అని నవ్వుతున్నాడు. బీపీకి మంచిదని డాక్టరు చెప్పినాడంట.