పైసలు పోతేనే నేరమా?

నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కల గేమింగ్ సెంటర్లలోకి ఏ సాయంత్రమైనా ఒకసారి తొంగిచూడండి. స్కూల్ యూనిఫాం కూడా విప్పని పిల్లాడు, పక్కన బ్యాగు, చేతిలో కంట్రోలర్. తెర మీద దారినపోయే మనిషిని కిందపడేసి కాలుస్తుంటాడు. ఆ డిస్కు డబ్బా మీద ఎర్రటి గడిలో ‘18’ అని అచ్చేసి ఉంటుంది, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే అని. కౌంటర్ దగ్గర అడిగేది ఒక్కటే: అరగంటా, గంటా?

పిల్లలకు ఇలాంటి ఆట అమ్మడం తప్పని చెప్పే చట్టం మనకు లేదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంటూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం తెచ్చింది. మంచిదే. మన తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. అదీ మంచిదే. 2020లో పబ్‌జీని నిషేధించారు, కారణం డేటా, దేశ భద్రత. పైసలు పోతాయంటే చట్టం వచ్చింది, డేటా పోతుందంటే నిషేధం వచ్చింది. ఆరో తరగతి పిల్లాడు గంటల తరబడి గొంతులు కోసే ఆట ఆడుతుంటే మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇది తల్లిదండ్రులు చూసుకోవాల్సిన సంగతని కొందరి వాదన. పిల్లలకు హింస నిండిన ఆటలు అమ్మొద్దంటూ కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 7-2తో కొట్టేసిన మాటా నిజమే. కానీ తల్లిదండ్రులే చూసుకోవాలనే మాట పాలమూరు (మహబూబ్‌నగర్) కొచ్చి చెప్పండి. మక్తల్, కోస్గి పల్లెల్లో అమ్మానాన్నలు ముంబైకో పుణెకో కూలికి పోతే పిల్లలు నానమ్మ దగ్గర ఉంటారు. వీడియో కాల్ కోసం కొనిచ్చిన ఫోన్‌లో మనవడు ఏం చేస్తున్నాడో ఆమెకెలా తెలుస్తుంది? ‘సదువుకుంటుండు బిడ్డా’ అని కొడుకుతో చెబుతుంది. ‘18 నిండాయా?’ అని యాప్ అడిగితే వాడు వేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. వయసు తనిఖీ అయిపోయింది!

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. హింస, క్రూరత్వం నిండిన బొమ్మల కథలు ఇరవై ఏళ్లలోపు వాళ్లను చెడగొట్టకూడదని 1956లోనే పార్లమెంటు చట్టం చేసి, అమ్మినవాడికి ఆరు నెలల దాకా జైలు పెట్టింది. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు పిల్లాడొస్తే గేటు దగ్గరే ఆపాలి. బడికి వంద గజాల లోపు సిగరెట్ అమ్మకూడదు. కాగితం మీది కత్తికి చట్టం ఉంటే తెర మీది కత్తికి ఎందుకుండదు? పుస్తకంలో కత్తి ఇంకెవరి చేతిలోనో ఉంటుంది, ఆటలో మన పిల్లాడి చేతిలోనే ఉంటుంది.

ఆటలన్నీ మూసేయమని మేం అనడం లేదు. 18 గుర్తున్న గేమ్‌ను మైనర్‌కు అమ్మినా, అద్దెకిచ్చినా, ఆడించినా దుకాణదారుకు జరిమానా వేయాలి. మళ్లీ దొరికితే ట్రేడ్ లైసెన్స్ రద్దు చేయాలి. ఈ మాత్రం అడగడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేలకు అసెంబ్లీలో నోరెందుకు రావడం లేదు? ఇందులోనూ ఎవరి పైసలైనా పోవాలా? అధికారులారా, చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. బడి వదిలే వేళకు ఆ సెంటర్లకు వెళ్లండి. డబ్బా మీది అంకె చూడండి, కుర్చీలో కూర్చున్న పిల్లాడిని చూడండి.