చప్పుడును నమ్మాలా, చూపునా?

అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో క్రికెట్ ఊసెత్తితే చాలు, టీవీ రీప్లేలు చూసి తీర్పిచ్చే థర్డ్ అంపైర్‌కు అక్షింతలు పడతాయి. వాటికి 2024-25 ఆస్ట్రేలియా పర్యటన ఒక్కటే చాలు. పెర్త్‌లో 26 పరుగుల మీదున్న కేఎల్ రాహుల్‌పై కీపర్ క్యాచ్ అప్పీలుకు మైదానంలోని అంపైర్ నాటౌట్ అన్నాడు. రివ్యూలో స్నికో గీత లేచింది (వికెట్ల దగ్గరి మైకుకు అందిన చప్పుడును తెరమీద గీతగా చూపేదే స్నికో). ఆ దగ్గర్లోనే బ్యాటు ప్యాడ్‌ను కూడా తాకింది. దేని చప్పుడో తేల్చే స్పష్టమైన కోణం అందకుండానే థర్డ్ అంపైర్ ఔటిచ్చేశాడు. నెల దాటాక మెల్‌బోర్న్‌లో యశస్వి జైస్వాల్ 84 దగ్గర ఉన్నాడు. ఈసారి స్నికో గీత కదల్లేదు. బంతి దారి మళ్లడం కంటికి కనిపిస్తోందంటూ మైదానంలోని నాటౌట్‌ను మళ్లీ తిప్పేశారు. అక్కడ చప్పుడు నెగ్గింది, ఇక్కడ చూపు నెగ్గింది. రెండుసార్లూ పెవిలియన్ దారి పట్టింది మనవాడే.

మెల్‌బోర్న్ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. బంతి తాకినట్టే ఉందని మ్యాచ్ అయ్యాక కెప్టెన్ రోహిత్ శర్మే అన్నాడు. రాసుకుంటూ పోయే బంతి ఒక్కోసారి చప్పుడే చేయదు. మైదానంలోని నిర్ణయాన్ని తిప్పాలంటే తిరుగులేని ఆధారం కావాలన్నది నియమం. బొమ్మ, శబ్దం ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఏది తిరుగులేనిదో అభిమానికి ఎవరూ చెప్పరు. మింగుడుపడనిది అదే.

పరికరాలకూ హద్దులున్నాయి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనులో దాదాపు 39 మీటర్లు పోతుంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి దానికీ మధ్య అది 78 సెంటీమీటర్లు దాటేస్తుంది. అంటే బ్యాటు పక్కనుంచి పోయిన క్షణం బొమ్మలో పడకుండానే పోవచ్చు. 300 ఫ్రేముల కెమెరాలోనూ ఆ ఖాళీ 13 సెంటీమీటర్లు ఉంటుంది. శబ్దం స్టంప్ మైకును చేరడానికి మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, బ్యాటర్ ముందుకొచ్చి ఆడినప్పుడు బంతి బ్యాటు దాటాక గీత లేచినట్టు కనిపించడంలో వింతేమీ లేదు. అంచు తగిలితే గీత సన్నగా, మొనదేలి లేస్తుంది. బ్యాటు ప్యాడ్‌కు తగిలితే వెడల్పుగా, మొద్దుగా ఉంటుంది. రెండూ ఒకే క్షణంలో కలిసిపోతే విడదీయడం ఎవరి తరమూ కాదు.

నేలబారు క్యాచ్‌లది ఇంకో తలనొప్పి. 2023 జూన్‌లో ఓవల్‌లో జరిగిన ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో కామెరాన్ గ్రీన్ పట్టిన శుభ్‌మన్ గిల్ క్యాచ్, బంతి గడ్డిని తాకిందన్న గొడవ గుర్తుండే ఉంటుంది. దూరం నుంచి జూమ్ చేసిన లెన్స్ లోతును చదును చేసేస్తుంది. వేళ్లు బంతి కిందే ఉన్నా గడ్డి తగిలినట్టు కనిపిస్తుంది. పైగా 33వ నియమం ప్రకారం బంతిని పట్టిన చేయి నేలకు తగిలినా అది క్యాచే. ఫోన్లలో తిరిగిన ఆ ఒక్క ఫొటోతో ఏదీ తేలదు.

ఎల్బీడబ్ల్యూ రివ్యూల్లో అంపైర్స్ కాల్‌ను మాత్రం మేం వెనకేసుకొస్తాం. ప్యాడ్‌కు తగిలాక బంతి ఎటు పోయేదన్నది కంప్యూటర్ అంచనా మాత్రమే. 7 సెంటీమీటర్ల పైచిలుకు బంతిలో సగం కంటే తక్కువ భాగం వికెట్లను తాకుతుందని తేలితే మైదానంలో చెప్పిందే ఖాయం. స్పిన్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బంతి పిచ్ మీద పడ్డ అడుగు దూరంలోనే ప్యాడ్‌కు తగిలితే, ఎంత తిరిగిందో లెక్కగట్టడానికి దొరికేది ఆ అడుగే. చాచిన కాలి నుంచి వికెట్లకు ఇంకా బోలెడు దూరం ఉంటుంది. 2025 మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులోని మన కడప జిల్లా ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి లాంటి వాళ్లకు ఈ లెక్కతో రోజూ పనే.

రివ్యూయే లేని చోట ఏమవుతుందో 2024 జూన్ 11న దోహాలో చూశాం. గీత దాటి బయటికి పోయిన బంతిని వెనక్కి లాగి ఖతార్ గోల్ కొట్టింది, రిఫరీ ఇచ్చేశాడు. ఆ దశలో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి) లేదు. 1-0తో ముందున్న భారత్ 2-1తో ఓడి ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి నిష్క్రమించింది. అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలు కూడా బంతి పూర్తిగా గీత దాటితే ఆట ఆపేస్తారు. కాబట్టి క్రికెట్‌లో ఈ రివ్యూ పద్ధతిని, అంటే డీఆర్‌ఎస్‌ను ఎత్తేయమనే వాదన మాకు రుచించదు. 2008లో తొలి ప్రయోగం మన జట్టు శ్రీలంకలో ఆడిన సిరీస్‌లోనే జరిగినా, తర్వాత ఏళ్ల తరబడి వద్దని మొండికేసింది మన బోర్డే. 2016లో ఇంగ్లండ్ వచ్చేదాకా దిగిరాలేదు.

సిరీస్ మొదలయ్యేలోపు ఏ మైదానంలో ఎన్ని కెమెరాలు, సెకనుకు ఎన్ని ఫ్రేములో ప్రకటించాలి. అడిగిన కోణం లేకపోతే లేదని తెరమీదే చెప్పాలి. తిప్పేసిన ప్రతి నిర్ణయానికీ ఆ సాయంత్రమే మ్యాచ్ రిఫరీ నాలుగు వాక్యాల్లో కారణం రాసివ్వాలి. బొమ్మకూ చప్పుడుకూ పొసగనప్పుడు రెండు కోణాల్లో బంతి దారి మళ్లినట్టు కనిపిస్తే ఔటివ్వాలి, లేదంటే మైదానంలోని నిర్ణయమే నిలవాలి. ఇది నియమావళిలోకి ఎక్కాలి. 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో రిఫరీలు వీఏఆర్ నిర్ణయాన్ని మైకులో ప్రేక్షకులందరికీ చెప్పారు, ఆటకేమీ నష్టం జరగలేదు. 2024 డిసెంబరులో ఐసీసీ ఛైర్మన్ కుర్చీ ఎక్కింది మన బోర్డు కార్యదర్శిగా చేసిన జై షాయే. అడగడానికి మొహమాటం దేనికి?