పైపు అవతల స్ట్రెచర్

నీళ్లు నిండిన హోస్ పైపు ఎంత గట్టిగా ఉంటుందో మీలో చాలామందికి తెలిసి ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు అది చుట్ట చుట్టి చంకలో పెట్టుకునే గుడ్డ పట్టీ. పంపు ఆన్ చేయగానే దుంగ. మనిషి దాన్ని దాటేస్తాడు. స్ట్రెచర్ దాటలేదు, దానికి ఉన్నవి అరచేయంత చక్రాలు. ఈ రెండింటినీ తయారు చేసినవాళ్లు జన్మలో ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. వాడేవాళ్లు మాత్రం తరచూ కలుస్తూనే ఉంటారు. మాట్లాడుకోరు, అంతే.

నేను చూసిన రోజు ఆ పైపు రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉంది. ఇవతల, కాలుతున్న ఇంట్లోంచి అప్పుడే బయటికి మోసుకొచ్చిన మనిషి స్ట్రెచర్ మీద. అవతల, తలుపులు బార్లా తెరుచుకుని అంబులెన్స్. మధ్యలో మహా అయితే ముప్ఫై అడుగులు.

"సార్, ఆ పైపు కొంచెం జరిపిస్తారా?" అన్నాడు అంబులెన్స్ కుర్రాడు.

"లోపల మావాడున్నాడు. పైపు కదలదు," అన్నాడు ఫైర్ ఆఫీసర్. "మీ బండినే ఇటు తెచ్చుకోండి."

"ఇటు తేవాలంటే పైపు మీద నుంచి ఎక్కించాలి సార్."

"పైపు ఎక్కించావంటే చంపేస్తా."

తమాషా ఏంటంటే, ఇద్దరూ చెప్పింది నిజమే. పైపు మీద చక్రం నిలబడితే లోపల మంటకు ఎదురుగా నిలబడ్డవాడి చేతిలో నీళ్లు ఆగిపోతాయి. స్ట్రెచర్ కదలకపోతే దాని మీది మనిషికి ఊపిరి ఆగిపోతుంది. పైపు మీదుగా బండి పోవడానికి రెండు వైపులా వాలుగా పెట్టే చిన్న గట్లు ఉంటాయి. వాటిని ఫైరింజన్‌లోనే పెట్టుకుంటారు. ఆ రోజు కూడా బండిలో భద్రంగానే ఉండి ఉంటాయి.

ఇక్కడ ఘటనాస్థల శాస్త్రంలోని మొదటి సూత్రం చెప్పుకోవాలి. ముందు వచ్చిన బండి మంచి చోటు పట్టేస్తుంది. మంచి చోటు అంటే రెండో బండికి కావలసిన చోటు. అంబులెన్స్ ముందొస్తే సరిగ్గా బిల్డింగ్ ఎదురుగా, నిచ్చెన బండి ఎక్కడైతే కాళ్లు చాపి నిలబడాలో అక్కడ ఆగుతుంది. నాలుగో అంతస్తు కిటికీలోంచి చేతులూపుతున్నవాళ్లకి నిచ్చెన బదులు అంబులెన్స్ టాప్ మీద తిరిగే లైటు కనిపిస్తుంది. ఫైరింజన్ ముందొస్తే రోడ్డంతా తనదే. రెండూ ఒకేసారి వస్తే సైరన్‌ల పోటీ నడుస్తుంది, ఎవరిది ముందు ఆగితే వాళ్లు ఓడినట్టు.

రోడ్డు ప్రమాదం దగ్గర ఏం చేయాలో శిక్షణలో చెబుతారు. ఫైరింజన్ ప్రమాదానికి వెనక ఏటవాలుగా నిలబడాలి, వచ్చే ట్రాఫిక్‌కి గోడలాగా. అంబులెన్స్ ఆ గోడ చాటున, వెనక తలుపులు సురక్షితంగా తెరుచుకునేలా ఆగాలి. పుస్తకంలో ఉంది. పుస్తకం బండి అరలో ఉంది. అర తాళం ఆఫీసులో ఉంది.

రెండో సూత్రం ఇంకా సున్నితమైనది: ఇన్‌చార్జ్ ఎవరు? కారు ముందు భాగం నలిగిపోయి, డ్రైవర్ కాళ్లు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కున్నాయనుకోండి. వెనక సీట్లో కూర్చున్న అంబులెన్స్ అతను రెండు చేతులతో డ్రైవర్ తల కదలకుండా పట్టుకుని ఉంటాడు. బయట హైడ్రాలిక్ కట్టర్ పట్టుకుని ఫైర్ అతను.

"పక్కకి రండి, టాప్ కోసేస్తాం."

"మెడ వదలను."

"మీరుండగా మేం కోయం."

"నేను వదిలితే అతను ఉండడు."

ఈ సంవాదం ఎంతసేపైనా సాగుతుంది. ఎందుకంటే ఒకరి శిక్షణలో ఇనుము ముందు, ఇంకొకరి శిక్షణలో మనిషి ముందు. కారులో ఉన్నంతసేపు అతను ఇనుము కింద లెక్క, బయటికి వచ్చాక పేషెంటు కింద లెక్క. సగం బయటికి వచ్చినప్పుడు ఎవరి లెక్క అన్నదానికి ఇద్దరి బాస్‌లూ రావాలి. ఆ బాస్‌లకీ బాస్‌లున్నారు. ఆ పెద్ద బాస్‌లు ఒకరినొకరు మీటింగుల్లో మాత్రమే చూసుకున్నారు, అదీ దూరం నుంచి. ఈలోపు డ్రైవర్ తనకు తెలిసిన దేవుళ్లందరినీ ఒక వరుసలో పిలిచేసి, మళ్లీ మొదటి దేవుడి దగ్గరికి వస్తాడు. పాపం, ఆ దేవుళ్లలోనూ ఇన్‌చార్జ్ ఎవరో తేలినట్టు లేదు.

ఇందులో నవ్వు రాని సంగతి ఒకటి ఉంది. చాలాసేపు బరువు కింద నలిగిన కాలిని ఒక్కసారిగా విడిపిస్తే, చితికిన కండరాల్లో పేరుకున్న పొటాషియం రక్తంలోకి దూకి గుండెను ఆపేయగలదు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి, "హమ్మయ్య, తీసేశాం" అన్న క్షణంలో పోతాడు. బరువు ఎత్తే ముందు సెలైన్ ఎక్కించే అవకాశం అంబులెన్స్ వాళ్లకి ఇవ్వాలి. అంటే ఎత్తేవాడు ఎక్కించేవాడితో "ఎత్తుతున్నాం" అని ఒక్క మాట చెప్పాలి. ఆ ఒక్క మాటకే ఇంత బరువు.

ఈ రోగం కొత్తదేం కాదు. 1970లో కాలిఫోర్నియాలో అడవులు తగలబడినప్పుడు పదమూడు రోజుల్లో 16 మంది చనిపోయారు, సుమారు 700 ఇళ్లూ కట్టడాలూ బూడిదయ్యాయి. మనుషులు తక్కువై కాదు, వచ్చిన శాఖలు ఎక్కువై తల పట్టుకున్నారు. ఒకరి వైర్‌లెస్ ఇంకొకరికి వినపడదు, ఒకరి పరిభాష ఇంకొకరికి అర్థం కాదు. ఆ దెబ్బతోనే ఘటనాస్థలంలో ఎవరు ఎవరి మాట వినాలో చెప్పే పద్ధతి ఒకటి పుట్టింది, తర్వాత చాలా దేశాలు తీసుకున్నాయి. ఆచరణలో దాని ఫలితం ఏంటంటే జాకెట్లు. వీపు మీద 'కమాండర్' అని మెరిసే అక్షరాలతో. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒకే రోడ్డు మీద నలుగురు కమాండర్లు హాయిగా ఇమిడిపోతారు.

మాక్ డ్రిల్లుల సంగతి ఎక్కువ చెప్పను. అందులో పేషెంటుకి నొప్పి ఉండదు, పైపులో నీళ్లుండవు, ఫొటోలో అందరూ ఉంటారు.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఇకపై చేతకావడం లేదు. 2017 మే 22 రాత్రి ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ అరీనాలో బాంబు పేలింది. 22 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. దగ్గర్లోని ఫైర్ స్టేషన్ అర మైలు దూరం. అక్కడి సిబ్బందికి పేలుడు చప్పుడు వినపడింది కూడా. వాళ్లు అరీనాకి చేరింది ఎప్పుడు? రెండు గంటల ఆరు నిమిషాల తర్వాత! తుపాకులతో ఎవరైనా తిరుగుతున్నారేమోనని ఫైర్ అధికారి సందేహం, అడుగుదామంటే పోలీసుల ఫోన్ దొరకదు, అందుకని బండ్లను మూడు మైళ్ల అవతల ఇంకో స్టేషన్‌కి పంపి ఆపేశారు. వెళ్తాం, వెళ్తాం అని రగిలిపోతున్నవాళ్లని కూర్చోబెట్టారు. అరీనాలో పేలుడు జరిగిన గదిలోకి అడుగుపెట్టిన పారామెడిక్‌లు, అంటే అంబులెన్స్ వైద్య సిబ్బంది, ఆ కీలక సమయంలో ముగ్గురంటే ముగ్గురు. దెబ్బలు తిన్నవాళ్లని పోలీసులూ, మామూలు జనమూ అడ్వర్టైజ్‌మెంట్ బోర్డుల మీద, ఇనప బారికేడ్ల మీద మోసుకెళ్లారు. స్ట్రెచర్లు ఎక్కడున్నాయి? వచ్చిన బండ్లలో, రాకుండా ఆపిన బండ్లలో!

అత్యవసర సేవలు ఒకేచోట కలవాలి, మాట్లాడుకోవాలి, ప్రమాదాన్ని కలిసి అంచనా వేయాలి అని ఆ దేశం 2012లోనే ఒక పథకం మొదలుపెట్టింది. సూత్రాలన్నీ చక్కగా అచ్చువేసి ఉన్నాయి. 2022 నవంబరులో విచారణ నివేదిక వచ్చింది. సరైన చికిత్స వేళకి అంది ఉంటే, చనిపోయినవాళ్లలో ఒకాయన బహుశా బతికేవాడని అందులో రాశారు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. ఐదేళ్ల తర్వాత రాశారు. ఫోన్ ఎత్తలేకపోవడం, ఇంకో నంబరు లేకపోవడం, ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోకపోవడం. వీటి మధ్యలో ఒక మనిషి ప్రాణం జారిపోయింది, దాన్ని మనం సమన్వయ లోపం అంటాం. లోపమట!

సరే, మన స్ట్రెచర్ దగ్గరికి వద్దాం. పైపు ఇవతల అదింకా అలాగే ఉంది. అంబులెన్స్ కుర్రాడు మనిషి వేలికి పెట్టిన చిన్న మిషన్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తోంది. చూసినవాడికి అంతా బాగానే ఉన్నట్టు. కానీ పొగ మింగిన మనిషి విషయంలో ఆ మిషన్ అబద్ధం చెబుతుంది. దానికి ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా తెలీదు. ఫోమ్ సోఫా కాలితే సయనైడ్ కూడా పుడుతుంది, దాని సంగతి అసలే తెలీదు. మనిషి ఏ గదిలో దొరికాడు, ఎంతసేపు ఉన్నాడు, అక్కడ ఏం కాలింది అన్నది లోపలికి వెళ్లినవాడికే తెలుసు. వాడు ఇరవై అడుగుల దూరంలో హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటున్నాడు. వాడికీ ప్రమాదమే. అమెరికాలో డ్యూటీ మీద చనిపోయే ఫైర్ సిబ్బంది ప్రాణాలు ఎక్కువగా తీసేది మంట కాదు, గుండెపోటు. ఏదో ఒకరోజు ఈ పైపు ఇవతల స్ట్రెచర్ మీద వాడే ఉండొచ్చు.

ఆ ఫైర్ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, హెల్మెట్ కింద పెట్టి గబగబా వచ్చి స్ట్రెచర్ కాళ్ల వైపు పట్టుకున్నాడు. తల వైపు అంబులెన్స్ కుర్రాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు, పైపు మీదుగా దాటించారు. దింపుతూ, "మూసిన గదిలో ఉన్నాడన్నా, సోఫా పక్కనే. చాలా పొగ మింగాడు," అన్నాడు ఫైర్ కుర్రాడు. అంబులెన్స్ అతను మిషన్ వైపు మళ్లీ చూడలేదు, ఆక్సిజన్ మాస్క్ బిగించి, నాబ్ పూర్తిగా తిప్పేశాడు. తలుపులు పడ్డాయి, బండి కదిలింది. ఈ మొత్తానికి పట్టింది అర నిమిషం.

ఫైర్ కుర్రాడు వెనక్కి తిరిగేసరికి ఆఫీసర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు పర్మిషన్ ఎవరిచ్చారు?"