రుద్రమ ఎప్పుడు చనిపోయిందో ఎలా తెలిసింది?

రుద్రమదేవి 1289లో మరణించిందన్న సంగతి మన పిల్లలకు ఒక బిట్టు. ఆ సంవత్సరం ఎలా తేలిందని పరీక్షలో అడగరు. అందుకే తరగతిలోనూ దాని ఊసు రావడం అరుదు.

నాకు మాత్రం అసలు పాఠం అదే అనిపిస్తుంది. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి ఉంది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని, వారికి పుణ్యం కలగాలని భూమి దానం చేశానని అందులో చెప్పాడు. వాళ్లు ఎలా చనిపోయారో చెప్పలేదు. ఆ మరుసటి ఏడాదే కాకతీయులకు ఎదురు తిరిగిన కాయస్థ అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాలను ఏకరువు పెడుతూ శాసనం వేయించుకున్నాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన చరిత్రకారులు, రుద్రమ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే చనిపోయి ఉంటుందన్న అంచనాకు వచ్చారు. అది అంచనాయే, శాసనంలో ఉన్న మాట కాదు.

ఈ రెండు శాసనాల సారాంశాన్ని వాడుక తెలుగులో ఒక పేజీకి కుదించి తొమ్మిదో తరగతి పిల్లల చేతికిస్తే చాలు. దానం చేసినవాడు ఏం చెప్పాలనుకుంటాడు? గెలిచానని చాటుకునేవాడు ఏం దాస్తాడు? ఇద్దరూ చెప్పనిది ఏమిటి? ఒక్క పీరియడ్‌లో ఇంత చర్చ నడుస్తుంది. ఫోన్‌లోకి రోజూ వచ్చిపడే ‘దాచిపెట్టిన చరిత్ర’ ఫార్వర్డులను కూడా ఆ పిల్లలు ఇవే ప్రశ్నలతో నిలదీయగలుగుతారు. చరిత్ర చదువు వల్ల ఇంతకు మించిన లాభం నాకు కనిపించదు.

పద్ధతి మార్చడమంటే తరగతి గదిలో డిజిటల్ తెర బిగించడమేనన్న భావన ఇప్పుడు బలంగా ఉంది. మ్యాపులు చూపడానికి తెర బాగా పనికొస్తుంది, కాదనను. కానీ బోర్డు మీద రాసిన నోట్సునే తెర మీద చూపించి ఎక్కించుకోమంటే మారిందేమీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్య ప్రణాళిక తర్వాత నిరంతర మూల్యాంకనం వచ్చింది, ప్రాజెక్టు పనులూ వచ్చాయి. ఉద్దేశం మంచిదే. అయితే కొద్దికాలానికే ఆ ప్రాజెక్టులు కూడా గైడ్లలో అచ్చయి వచ్చాయి. ఊళ్లో పెద్దలను కలిసి రాయాల్సిన వివరాలను పిల్లలు గైడు చూసి ఎక్కించారు. మార్కులు మాత్రం పడ్డాయి.

దివిసీమ బడుల్లో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసినవారి మాటలు నమోదు చేయించడానికి ఇంకా సమయం ఉంది, కానీ ఎక్కువ లేదు. అప్పటికి పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఒకే రాత్రి గురించి ఇద్దరు తాతలు వేర్వేరుగా చెబితే, ఆ తేడా ఎందుకొచ్చిందని ఆలోచించడమే పాఠం. పౌరశాస్త్రానికి వస్తే, గ్రామసభ నిర్వచనం అప్పజెప్పించే బదులు పంచాయతీ ఆదాయవ్యయాల కాగితం తెచ్చి చదివించవచ్చు.

ఇదంతా టీచర్లకు తెలియక కాదు. సిలబస్ పూర్తి చేయాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, పదో తరగతి ఫలితాలు చూపించాలి. పైగా డిగ్రీలో చరిత్ర చదవని సోషల్ టీచర్లూ ఉన్నారు. వారికి శాసనాలు, రికార్డులు చదివించే శిక్షణ ఎవరిచ్చారు? అందుకే మార్పు పరీక్ష పేపరు నుంచే మొదలవ్వాలంటాను. పదో తరగతి సాంఘిక ప్రశ్నపత్రంలో, పాఠంలో లేని ఒక చిన్న ఆధారాన్ని అచ్చువేసి, దీన్ని ఎంతవరకు నమ్మవచ్చో కారణాలతో రాయమని ఒక్క ప్రశ్న అడగాలి. ఒక్కో పిల్లవాడు ఒక్కోలా రాస్తే దిద్దడం కష్టమని అంటారు. తెలుగు పేపర్లో సొంతంగా రాసే లేఖలకూ కవితలకూ ఏళ్లుగా మార్కులు వేస్తూనే ఉన్నాం కదా, సోషల్‌కు వచ్చేసరికి ఆ పని ఎందుకు కుదరదు?