ఎర్రర్ వచ్చిన చోటల్లా ఇనిట్_నెట్ పెట్టేస్తే డ్రైవర్ పోర్ట్ అయినట్టు కాదు

విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది: "పాత లైనక్స్ నెట్‌వర్క్ డ్రైవర్‌ని కొత్త కెర్నెల్‌కి తెచ్చేటప్పుడు ఆర్గ్యుమెంట్ తక్కువైందన్న చోటల్లా &ఇనిట్_నెట్ పెట్టండి. కంపైలైతే చాలు. కంటైనర్లు వాడనివాళ్ళకి తేడా ఉండదు." దయచేసి దీన్ని ఫార్వర్డ్ చేయకండి.

ముందు ఆ ఆర్గ్యుమెంట్ సంగతి. నేమ్‌స్పేస్ అంటే తన ఇంటర్‌ఫేస్‌లు, చిరునామాలు, రూట్లు విడిగా ఉండే నెట్‌వర్క్ లోకం; ఇనిట్_నెట్ అంటే బూట్‌తోపాటే పుట్టే మొదటిది. ఒకప్పుడు ఇంటర్‌ఫేస్‌ని పేరుతో వెతికే డెవ్_గెట్_బై_నేమ్‌కి పేరొక్కటే ఇచ్చేవాళ్ళం. 2008లో వచ్చిన 2.6.24 కెర్నెల్ నుంచి, ఏ నేమ్‌స్పేసో చెప్పే స్ట్రక్ట్ నెట్ కూడా ఇవ్వాలి, ఎందుకంటే పేరు ఒక నేమ్‌స్పేస్ లోపలే చెల్లుతుంది. గుంటూరులో "నాలుగో లైను" అంటే బ్రాడీపేటా, అరండల్‌పేటా అని అడగరూ? కెర్నెల్ అడిగేదీ అదే. పేరుకి బదులు ఐఎఫ్‌ఇండెక్స్ (ఇంటర్‌ఫేస్ నంబరు) దాచుకున్నా లాభం లేదు. ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ లూప్‌బ్యాక్ నంబరు 1.

జవాబు చేతిలో ఉన్నదాన్నిబట్టి ఉంటుంది. డివైస్ ఉంటే డెవ్_నెట్, సాకెట్ ఉంటే సాక్_నెట్. ఐఆక్టల్‌లో (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడిగే పిలుపులో) కరెంట్ ప్రాసెస్ నేమ్‌స్పేస్ తీసుకోవచ్చు. కానీ వర్క్‌క్యూలో (తర్వాత చేయడానికి పెట్టిన పనుల వరసలో) అలా తీసుకోకండి, అక్కడ కరెంట్ అంటే కెర్నెల్ సొంత థ్రెడ్ కెవర్కర్, అది ఎప్పుడూ ఇనిట్_నెట్‌లోనే ఉంటుంది. పని అప్పగించేటప్పుడే సరైన నేమ్‌స్పేస్‌ని గెట్_నెట్‌తో పట్టుకుని, అయ్యాక పుట్_నెట్ చేయాలి. పుట్_నెట్ మరిస్తే ఆ నేమ్‌స్పేస్ ఎన్నటికీ చావదు.

"కంపైలైతే చాలు" అన్నది ఇలా తేల్చుకోండి. ఒక నేమ్‌స్పేస్ పుట్టించి, ఈటీహెచ్1ని అందులోకి పంపండి: "ఐపీ నెట్‌ఎన్ఎస్ యాడ్ బెజవాడ", తర్వాత "ఐపీ లింక్ సెట్ ఈటీహెచ్1 నెట్‌ఎన్ఎస్ బెజవాడ". ఇక ఇనిట్_నెట్‌లో ఈటీహెచ్1 కోసం వెతికితే నల్ వస్తుంది, చెక్ లేకపోతే ఊప్స్ (కెర్నెల్ క్రాష్). అక్కడ అదే పేరుతో ఇంకో ఇంటర్‌ఫేస్ ఉంటే మరీ ప్రమాదం: సెట్టింగ్ దానిమీద పడుతుంది, లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు.

కంటైనర్లు లేకపోయినా నేమ్‌స్పేస్‌లు ఉంటాయి. లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ సర్వీసు ఫైల్లో ప్రైవేట్‌నెట్‌వర్క్=యెస్ అని ఉంటే చాలు, ఒకటి పుడుతుంది. రిజిస్టర్_నెట్‌డివైస్_నోటిఫయర్ అన్ని నేమ్‌స్పేస్‌ల కబుర్లూ చెబుతుంది కాబట్టి, పేరు ఒక్కటే పోల్చే కోడ్ పరాయి ఈటీహెచ్0కీ స్పందిస్తుంది. నెట్_ఈక్యూతో నేమ్‌స్పేస్ కూడా పోల్చండి. గ్లోబల్ లిస్టులుంటే వాటిని నేమ్‌స్పేస్‌కొకటి చేయండి: రిజిస్టర్_పర్‌నెట్_సబ్‌సిస్‌కి ఐడీ, సైజు ఇచ్చి, నెట్_జెనరిక్‌తో తీసుకోండి.

డివైస్ నిజంగా ఇనిట్_నెట్ దాటకూడదంటే, ఆ మాట కోడ్‌లోనే చెప్పండి: రిజిస్టర్ చేసేముందే నెట్‌ఎన్ఎస్_లోకల్ జెండా పెట్టాలి (కొత్త కెర్నెళ్ళలో అది నెట్_డివైస్‌లో ఒక బిట్). అప్పుడు తరలించబోతే ఈఇన్వాల్ ఎర్రర్ వస్తుంది, వాడేవాళ్ళకి సంగతి అక్కడే తెలుస్తుంది.