పంపిణీ గ్రాంటు గారికి, నెల్లూరు ఏరియా నుంచి

మహారాజశ్రీ సినిమా ప్రచార, పంపిణీ గ్రాంటు గారి దివ్య సముఖమునకు, నెల్లూరు నుంచి, చిన్న సినిమాల తరఫున థియేటర్ల చుట్టూ తిరిగే ఒక రిప్రజెంటేటివు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమనే అనుకుంటున్నాను. ఎండలో తిరిగేవారికి కదా వడదెబ్బలు, తమరు ఫైలు దాటి బయటికి రారు.

తీసిన చిన్న సినిమాను జనం దగ్గరికి చేర్చడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బే తమరని అంటారు, కానీ తమరిని నేను చూడలేదు. చూశామని చెప్పినవారు కూడా మా ట్రంకు రోడ్డులో ఎవరూ తారసపడలేదు. వంశం మాత్రం గొప్పదని విన్నాను. కేంద్ర ప్రభుత్వం ఇంట 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, 1975లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ పుట్టాయి. 1980లో మొదటిది రెండో దానిలో కలిసిపోయింది. 2022 నాటికి ఫిల్మ్స్ డివిజన్, బాలల చిత్ర సమితి, ఫిల్మ్ ఆర్కైవు అన్నీ అదే పంచన చేరాయి. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబంలో సినిమా తీయడానికి డబ్బిచ్చే పెద్దలున్నారు, ఉత్సవాలు జరిపే పెద్దలున్నారు, పాత రీళ్లు భద్రం చేసే పెద్దలున్నారు. తీసిన సినిమాను టికెట్టు కొనే మనిషి దగ్గరికి చేర్చే పని మాత్రం ఎవరి వాటాకూ వచ్చినట్టు లేదు. సినిమా పూర్తయితే అదే నడుచుకుంటూ ఊళ్లోకి వస్తుందని ఇంట్లో అందరి నమ్మకం కాబోలు.

విదేశీ చిత్రోత్సవానికి ఎంపికైతే సాయం అడగడానికి ఢిల్లీలో ఒక తలుపైనా ఉంది. అంటే కేన్స్‌కు దారి ఉంది, మా పక్కనున్న కావలికి లేదు. ఇంకో వింత కూడా విన్నాను. విదేశీయులు వచ్చి మన దేశంలో షూటింగు చేసుకుంటే, ఇక్కడ పెట్టిన ఖర్చులో 40 శాతం దాకా, 30 కోట్ల రూపాయల వరకు తిరిగి ఇస్తామని 2023లో కేంద్రం ప్రకటించింది. సంతోషం. అతిథి మర్యాద మన సంప్రదాయం. మా కనిగిరి కుర్రవాడు అతిథి కాకపోవడమే అతని దురదృష్టం.

ఆ కుర్రవాడి సంగతి తమరికి చెప్పాలి. తన ఊరి ఫ్లోరైడు నీళ్ల మీద సినిమా తీశాడు. నటించినవాళ్లలో సగం మంది బంధువులు, మిగతా సగం బంధువులకు బాకీ ఉన్నవాళ్లు. ఎలా తీశాడో తీశాడు, సెన్సారు కూడా అయింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఇక విడుదలే కదా” అన్నాడు. ఆ “కదా” విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా నెల్లూరు ఏరియా గురించి తమరి ఫైలులో ఉందో లేదో. తెలుగు సినిమా వ్యాపారంలో విడుదల హక్కులను ప్రాంతాల వారీగా, ఏరియాలుగా అమ్ముతారు. రాయలసీమ అంతా కలిపి సీడెడ్ అనే ఒకే ఏరియా. మా నెల్లూరు మాత్రం విడిగా ఒక ఏరియా. ట్రేడు లెక్కల పట్టికలో నైజాం, అంటే తెలంగాణ, తలకట్టున ఉంటుంది, నెల్లూరు అట్టడుగున ఉంటుంది. అయినా పెద్ద హీరో సినిమా వస్తోందంటే ఈ చిన్న ఏరియా కోసం బయ్యర్లు పోటీ పడతారు, థియేటర్లవాళ్లు ముందే అడ్వాన్సులు కడతారు. చిన్న సినిమా వస్తే లెక్క తిరగబడుతుంది. మనమే థియేటరుకు వారం అద్దె కట్టాలి. దానికి తోడు డిజిటల్ ప్రొజెక్టరు కంపెనీకి కట్టే రుసుము. రీళ్ల పెట్టెలు పోయాయి, ఖర్చు తగ్గిందని అందరూ అనుకున్నారు. కానీ ఈ రుసుము భరించలేకే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కలిసి కొన్నాళ్లు థియేటర్లకు సినిమాలు ఇవ్వడం ఆపేశారు. కోట్లు తిప్పేవారే గగ్గోలు పెట్టిన చోట, పొలం తాకట్టు పెట్టి సినిమా తీసినవాడు ఏ పాటి?

ఇక పోస్టరు. తమరి దరఖాస్తులో దీన్ని “ప్రచార వ్యూహం” అంటారు. మాకు అది రాత్రి రెండు గంటల పని. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా, పశువులు నాకకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. చీపురు లాంటి కుంచెతో గోడకు ఒక పూత, ఆ మీద కాగితం, కాగితం మీద మళ్లీ ఇంకో పూత. నిచ్చెన పట్టుకునేవాడు ఒకడు, పోలీసు జీపు వస్తోందా అని చూసేవాడు ఒకడు. తెల్లవారేసరికి మా కథానాయిక ముఖం మీద ఒక కోచింగు సెంటరు ర్యాంకులు ఆరిపోతూ ఉంటాయి. గోడ ఎవరిదని అడగకండి. చివరగా అంటించినవాడిదే గోడ. పోస్టరు వీధుల్లో కనీసం మూడు రాత్రులు మళ్లీ మళ్లీ పడకపోతే సినిమా వచ్చిందని ఎవరికీ తెలియదు. తెలిసి, మనసు పుట్టి, శుక్రవారం గడిచి, ఆదివారం వెళ్దామని ఇంట్లో అనుకునేలోపు సినిమా ఎత్తేస్తారు.

ఎత్తేయడం అంటే ఎవరో దుర్మార్గం చేశారని కాదు. ఉదయం ఆటకు నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు ఏసీ కోసం వచ్చినవారని మేనేజరుకూ తెలుసు, నాకూ తెలుసు. “పది మంది లేనిదే ఆట వేయలేను సార్, కరెంటు బిల్లు కూడా రాదు” అన్నాడాయన. ఆయన తప్పు లేదు. మిగతా ఆరు టికెట్లు నేను కొని ఆట వేయించాను. ఆ రోజు కలెక్షను రిపోర్టులో పది మంది అని ఉంటుంది. పరిశోధకులు ఎప్పుడైనా స్వతంత్ర సినిమాకు ప్రేక్షకాదరణ గురించి రాస్తే నా ఆరు కుర్చీలను కూడా గౌరవంగా లెక్కలో వేసుకోవాలని మనవి.

రోజుకు ఐదు ఆటలు వేసుకునే థియేటరు ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక ఆట చిన్న సినిమాకు ఇవ్వాలని 2022 మార్చిలో మన రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది. చదివి పొంగిపోయాను. కిందికి వస్తే, 20 కోట్ల రూపాయల లోపు ఖర్చయినదంతా చిన్న సినిమాయే అని ఉంది. పంతొమ్మిది కోట్ల చిన్నవాడితో మా కనిగిరి చిన్నవాడు ఒకే ఆట కోసం వరుసలో నిలబడాలి. ఇద్దరూ పొట్టివాళ్లేనట!

ఇతర చోట్ల తమరి బంధువులు ఇంత బిడియస్తులు కారని తెలిసి అసూయ పుట్టింది. ఫ్రాన్సులో 1946లో పెట్టిన జాతీయ సినిమా సంస్థ ఒకటి ఉంది. అక్కడ తెగే ప్రతి టికెట్టు మీద 10.72 శాతం సుంకం దానికి చేరుతుంది. హాలీవుడ్ సినిమా చూసినవాడి జేబులోంచి కూడా చిన్న సినిమా పంపిణీదారుకు సాయం వెళుతుంది. అంత దూరం ఎందుకు, కేరళ చూడండి. అక్కడి ప్రభుత్వ సంస్థ సొంత థియేటర్లు నడుపుతోంది. 2024 మార్చిలో సీస్పేస్ పేరుతో సొంత ఓటీటీ కూడా తెరిచింది. తెరిచినప్పుడు 75 రూపాయలు కడితే సినిమా చూడవచ్చన్నారు, అందులో నిర్మాతకు వాటా. మన టికెట్టు మీద కూడా పన్ను ఉంది, 100 రూపాయలు దాటితే 18 శాతం. నేను కొన్న ఆ ఆరు టికెట్ల మీది పన్ను కూడా ప్రభుత్వానికి చేరింది. పంపిణీ వ్యవస్థలో తూచా తప్పకుండా పనిచేసిన భాగం అదొక్కటే.

తమరు వస్తే ఎలా వస్తారో కూడా ఊహించగలను. తమరి జాతి అలవాటు మాకు తెలియనిది కాదు. ముందు ఖర్చు పెట్టుకోమంటారు, తర్వాత రశీదులు, ఆ తర్వాత కమిటీ, కమిటీలో ఒకరి బదిలీ, కొత్తగా వచ్చినవారికి మళ్లీ సినిమా చూపించడం. డబ్బు ఉన్నవాడికి మాత్రమే డబ్బు తిరిగి ఇచ్చే ఈ దయ మాకు వద్దండీ. వస్తే విడుదలకు ముందే, అద్దె కట్టే రోజుకు రండి. నెల్లూరుతో సరిపెట్టకుండా కనిగిరి దాకా వెళ్లండి. షూటింగు చూసిన ఆ ఊరివాళ్లు సినిమా ఇంకా చూడలేదు. ఊరికో ఆట, వారానికి ఒక సాయంత్రం, టికెట్టు మామూలు ధరకే. ఆ అద్దె తమరు కడితే పోస్టరు సంగతి మేము చూసుకుంటాం.

ఇట్లు,
తమరి రాక కోసం ఎదురుచూసే,
నెల్లూరు రిప్రజెంటేటివు

జతపరచినవి: థియేటరు అద్దె రశీదు, నా ఆరు టికెట్లు, మైదాపిండి బిల్లు. ఈ చివరిది క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసి ఉంది, దాని మీద జీఎస్టీ నంబరు లేదు. తిరస్కరించదలిస్తే ఆ కాగితం మాత్రం దయచేసి వెనక్కి పంపండి. కొట్టాయనకు బాకీ ఇంకా తీరలేదు, ఆయన దగ్గర వేరే లెక్క లేదు.